ఏ లైబ్రరీని నమ్మవచ్చు?

2004లో జీమెయిల్, 2005 ఫిబ్రవరిలో గూగుల్ మ్యాప్స్ వచ్చాక వెబ్ డెవలపర్లందరి కళ్లూ ఒకే విషయం మీద పడ్డాయి. పేజీ మొత్తం మళ్లీ లోడ్ కావడం లేదు, అయినా కొత్త సమాచారం వచ్చి చేరుతోంది. అదే ఫిబ్రవరిలో జెస్సీ జేమ్స్ గారెట్ ఈ పద్ధతికి అజాక్స్ అని పేరు పెట్టాడు. చిక్కల్లా బ్రౌజర్లతోనే. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 6కు ఒక రకంగా, ఫైర్‌ఫాక్స్‌కు మరో రకంగా కోడ్ రాయాల్సి వచ్చేది. ఆ తేడాలను తమ లోపలే సర్దిపెట్టే రెడీమేడ్ లైబ్రరీలు అప్పుడే పుట్టుకొచ్చాయి: ప్రోటోటైప్, డోజో, మూటూల్స్, యాహూ వారి వైయూఐ, 2006లో జాన్ రెసిగ్ తెచ్చిన జేక్వెరీ.

వీటిలో దేన్ని ఎంచుకోవాలి? చాలామంది చూసేది మెరిసే యానిమేషన్లను. అసలు చూడాల్సింది ఆ లైబ్రరీ బ్రౌజర్ సొంత సరుకును ముట్టుకుంటుందా లేదా అన్నది. ప్రోటోటైప్, మూటూల్స్ రెండూ అరేల వంటి మూల వస్తువుల్లోకే తమ ఫంక్షన్లను చొప్పించాయి. అద్దెకు దిగినవాళ్లు ఇంటి గోడలే మార్చేసినట్టు! జేక్వెరీ ఆ పని చేయలేదు. ఎంచుకున్న భాగాలను తన సొంత వస్తువులో చుట్టి వాడుకుంది. రెండూ ఫంక్షన్ పేరుగా వాడే డాలర్ గుర్తు కోసం ప్రోటోటైప్‌తో పేచీ వస్తే, దాన్ని వదులుకోవడానికి నోకాన్‌ఫ్లిక్ట్ అనే ఫంక్షన్‌ను కూడా ఇచ్చింది. ఇతరుల కోడ్ పక్కన ఇలా ఒదిగి ఉండడం ఏ లైబ్రరీకైనా ఉండాల్సిన మొదటి గుణం.

ఆ గుణం లేకపోతే ఏమవుతుందో 2018లో తేలింది. జావాస్క్రిప్ట్ అరేలకు ఫ్లాటెన్ అనే ఫంక్షన్ చేర్చాలని ప్రమాణాల కమిటీ చూస్తోంది. ఫైర్‌ఫాక్స్ పరీక్షా వెర్షన్‌లో దాన్ని పెట్టగానే ఒక సైటు దెబ్బతింది. అదే పేరుతో మూటూల్స్ ఏళ్ల కిందటే తన ఫంక్షన్‌ను అక్కడ పెట్టుకుని ఉంది మరి. పాత సైట్లు చెడిపోకూడదని చివరికి భాషే తగ్గింది. ఆ ఫంక్షన్ ఫ్లాట్ అనే పేరుతో వచ్చింది.

రెండోది, నిర్వహణ. వెనక పెద్ద సంస్థ ఉంది కదా అని ధీమా పడడానికి లేదు. యాహూ 2014లో వైయూఐ కొత్త అభివృద్ధి ఆపేసింది. తేదీల లెక్కలకు అందరూ వాడిన మొమెంట్‌లో ఇక కొత్త సదుపాయాలు చేర్చబోమని దాని బృందమే 2020లో ప్రకటించింది. అందుకే చివరి మార్పు ఎప్పుడు జరిగింది, వచ్చిన ఫిర్యాదులను ఎవరైనా పట్టించుకుంటున్నారా అన్నవి ముందే చూసుకోవాలి.

ఫైలు ఎక్కడి నుంచి వస్తోందన్నదీ ముఖ్యమే. ఎన్నో సైట్లు నేరుగా స్క్రిప్ట్ తెచ్చుకునే పాలీఫిల్ డాట్ ఐఓ డొమైన్ 2024లో చేతులు మారింది. ఆ జూన్‌కల్లా లక్షకు పైగా సైట్ల సందర్శకులకు అక్కడి నుంచి హానికరమైన కోడ్ చేరే ప్రమాదం ఏర్పడింది. పరిశీలించిన ప్రతిని సొంత సర్వర్‌లో ఉంచుకున్న సైట్లకు ఆ బెడద లేదు.

అన్నిటికన్నా ముందు, అసలు లైబ్రరీ కావాలా అని అడగాలి. సర్వర్ నుంచి సమాచారం తేవడానికి ఫెచ్, పేజీలో భాగాలు వెతకడానికి క్వెరీసెలెక్టర్ ఇప్పుడు అన్ని ప్రధాన బ్రౌజర్లలోనూ ఉన్నాయి. గిట్‌హబ్ తన సైటు నుంచి జేక్వెరీని 2018లో పూర్తిగా తీసేసింది. పేజీల రూపకల్పనకు వాడే బూట్‌స్ట్రాప్ కూడా 2021లో వచ్చిన 5వ వెర్షన్‌తో జేక్వెరీ మీద ఆధారపడడం మానుకుంది.