ఒక్క గీతనే దాటనిచ్చే గాజు

"అన్నా, పట్నంల లైట్లుంటయ్ గనక ఫిల్టరంటే అర్థమైతది. ఈ ఎడారిల ఇంత చీకటుంటే మళ్ల అదెందుకు?" హాయిల్ నుంచి జుబ్బా పోయే దారిలో, నఫూద్ ఇసుక తిన్నెల పక్కన ట్రైపాడ్ నిలబెడుతుంటే జగిత్యాల తమ్ముడొకడు అడిగాడు.

అడగాల్సిన ప్రశ్నే. ఎడారి ఆకాశం మనకు చీకటిగా కనిపిస్తుంది గానీ కెమెరాకు కాదు. సుమారు 100 కిలోమీటర్ల ఎత్తున ఆక్సిజన్ పరమాణువులు రాత్రంతా 557.7 నానోమీటర్ల దగ్గర పచ్చగా వెలుగుతూనే ఉంటాయి. మన కంటికి ఆనని ఆ వెలుగును అయిదు నిమిషాల ఎక్స్‌పోజర్ చక్కగా పోగు చేసుకుంటుంది. దానికి తోడు వెనకాల ఊరి వెలుగు, సగం నెల వెన్నెల.

మనం తీయాలనుకునే నిహారికలు మాత్రం కొన్ని సన్నటి గీతల్లోనే వెలుగుతాయి. హైడ్రోజన్‌ది 656.3 దగ్గర ఎరుపు. రెండు ఎలక్ట్రాన్లు పోగొట్టుకున్న ఆక్సిజన్‌ది 500.7 దగ్గర నీలిపచ్చ. ఈ రెండోదాన్ని 1864లో ఖగోళ శాస్త్రవేత్త విలియం హగ్గిన్స్ చూసినప్పుడు భూమ్మీద ఏ మూలకానికీ సరిపోలేదు. 'నెబ్యులియం' అని కొత్త మూలకాన్నే ఊహించారు. అది మామూలు ఆక్సిజనేనని 1927లో ఐరా బోవెన్ తేల్చేదాకా ఆ పేరు బతికింది. ఈ గీతల్ని వదిలి మిగతా వర్ణపటానికంతా తలుపేసే గాజు దొరికితే, అంతటా సమంగా పరుచుకున్న వెలుగు నలభయ్యో వంతుకు పడిపోతుంది, నిహారిక దాదాపు అలాగే ఉంటుంది. 7 నానోమీటర్ల నారోబ్యాండ్ ఫిల్టర్ చేసే పని ఇదే.

రంగు కలిపిన గాజుతో ఇది అయ్యే పని కాదు, దాని వడపోత చాలా మోటు. హైడ్రోజన్ ఫిల్టర్‌ను చేతిలో పట్టుకుని చూడండి, అద్దంలా మీ ముఖమే కనిపిస్తుంది. వెలుగును అది పీల్చుకోదు, వెనక్కి కొడుతుంది. వాన పడ్డ రోడ్డు మీద పెట్రోలు చుక్క రంగులు చూపించేదీ, ఈ గాజు పనిచేసేదీ ఒకే సూత్రం మీద. పలుచని పొర పైనుంచీ అడుగునుంచీ తిరిగొచ్చిన అలలు కొన్నిచోట్ల కలిసి బలపడతాయి, కొన్నిచోట్ల ఒకదాన్నొకటి చంపుకుంటాయి.

గాజు మీద సిలికా పొర 112 నానోమీటర్లు, దానిపైన టాంటలమ్ ఆక్సైడ్ పొర 78, మళ్లీ సిలికా, ఇలా వరుసగా పూత పూస్తారు. ఒక్కో పొర మందం, ఆ పదార్థంలో ఎర్రటి అల పొడవుకు సరిగ్గా నాలుగో వంతు. అందుకే ప్రతి పొర నుంచీ తిరిగొచ్చే అలలు అడుగు కలిపి నడుస్తాయి, పొరలన్నీ కలిసి అద్దమవుతాయి. అలాంటి అద్దాలు రెండింటిని ఎదురెదురుగా పెట్టి, మధ్యలో సగం అల మందాన, అంటే సుమారు 225 నానోమీటర్లు, సిలికాతోనే ఎడం ఉంచుతారు.

నాకు ఎప్పటికీ పాతబడని వింత ఇక్కడుంది. ఒక్కో అద్దం నూటికి పది పాళ్లే వదులుతుందనుకుందాం. రెండూ దాటితే ఒక్క పాలే మిగలాలి కదా? కానీ ఆ ఎడానికి సరిపడే రంగు దాదాపు నూరు పాళ్లూ దాటిపోతుంది! లోపల అటూ ఇటూ తిరిగి బలం పుంజుకున్న వెలుగులో కొంత వెనక్కి కారుతుంది. మొదటి అద్దం నుంచి వెనక్కి మళ్లిన అలకు అది సరిగ్గా ఎదురు దశలో ఉంటుంది. రెండూ కొట్టుకుపోతాయి. వెనక్కి దారి లేకుండా పోయిన శక్తి ముందుకే పోవాలి. అలల లెక్క కుదరని రంగులకు ఈ వెసులుబాటు లేదు, అవి అద్దాన్నే గుద్దుకుని వెనక్కి మళ్లుతాయి. అసలు ఫిల్టర్లలో ఇలాంటి అరలు ఒకదాని తర్వాత ఒకటి కొన్ని ఉంటాయి, అంచు నిటారుగా తెగడానికి.

ఈ జంట అద్దాల పరికరాన్ని 1899లో మార్సేలో షార్ల్ ఫాబ్రీ, ఆల్ఫ్రెడ్ పెరో తయారుచేశారు. 1914లో ఫాబ్రీ బృందం దాంతో ఓరియన్ నిహారికనే పరీక్షించింది. 1939లో జర్మనీలో వాల్టర్ గెఫ్‌కెన్ దాన్ని పొరల పూతగా మార్చాడు. పాత పూతలు మెత్తనివి, తేమ తగిలితే పాడయ్యేవి. ఒకే ఫైబర్‌లో అనేక రంగుల సంకేతాలు పంపే టెలికాం రంగం గట్టి పూతలను ముందుకు తోసింది. ఒకప్పుడు ఆస్ట్రోడాన్ ఫిల్టర్ల పేరు చెబితే ధర వినడానికే జంకేవాళ్లం. ఇప్పుడు చైనాలోని కున్‌మింగ్ నుంచి ఆప్టోలాంగ్ వంటి సంస్థలు కలర్ కెమెరాలకు రెండు గీతల ఫిల్టర్లు పంపుతున్నాయి. ఎర్ర పిక్సెళ్లకు హైడ్రోజన్; పచ్చ, నీలి పిక్సెళ్లకు ఆక్సిజన్, ఒకే ఎక్స్‌పోజర్‌లో.

గెలాక్సీల వెలుగు చాలావరకు నక్షత్రాలది, అది ఏ గీతకూ కట్టుబడదు. అందుకే ఆండ్రోమెడా గెలాక్సీకి ఆక్సిజన్ ఫిల్టర్ ఎవరూ పెద్దగా పెట్టలేదు. పెట్టిన ఔత్సాహికులు డ్రెక్స్‌లర్, స్ట్రాట్నర్, సెయింటీలకు దాని పక్కనే ఒకటిన్నర డిగ్రీల పొడవున్న ఆక్సిజన్ చాపం దొరికింది. 2023లో ఆ సంగతి ప్రకటించారు. పెద్ద పెద్ద సర్వేల కళ్లు కప్పింది ఔత్సాహికుల చేతికి చిక్కింది.

కొనేవాళ్లకు ఒక మాట. ఆక్సిజన్ ఫిల్టర్‌ను బల్బుకెదురుగా పట్టుకుని మెల్లగా వంచండి, నీలిపచ్చ కాస్తా నీలానికి జారుతుంది. వాలుగా వచ్చే వెలుగుకు పొరల లెక్క మారిపోతుంది మరి. ఎఫ్/5 టెలిస్కోప్‌లో అంచు కిరణాలకు ఈ జారుడు సుమారు ఒక నానోమీటరే, ఎఫ్/2 లెన్స్‌లో ఆరు దాకా పోతుంది. అక్కడ మామూలు 3 నానోమీటర్ల ఫిల్టర్ పెడితే నిహారిక వెలుగే చాలావరకు ఆగిపోతుంది. డబ్బా మీది చిన్న అంకె చూసి మురిసిపోకండి. కలర్ కెమెరా, ఎఫ్/5 టెలిస్కోప్ ఉన్నవాళ్లకు 7 నానోమీటర్ల రెండు గీతల ఫిల్టర్ చాలు. మోనో కెమెరా అయితే ముందు హైడ్రోజన్ ఒక్కటే కొనండి, వెన్నెల దెబ్బ ఆక్సిజన్ గీతకే ఎక్కువ. ఇసుక నేలల్లో ఉన్నవాళ్లు ఫిల్టర్‌ను గుడ్డతో తుడిచే ముందు బ్లోయర్‌తో ఊదడం మరవకండి.