మెమో యెవరికి? ఎందులకు?

కచేరీలలో దినదినము వ్రాయు మెమోనుగూర్చి నేడు మీతో ముచ్చటింపదలచితిని. చిన్న కాగితమే యైనను దానిపై ప్రాణములు ఆధారపడు సమయములు గలవు. అందుకొక నిదర్శనము చెప్పెదను.

1977 సెప్టెంబరులో అమెరికాలోని డేవిస్-బెస్సీ అణువిద్యుత్కేంద్రమున యంత్రము నడుపువారు రియాక్టరును చల్లార్చు నీటిని తొందరపడి నిలిపివేసిరి. నాడు అపాయము తప్పినది. నడుపువారికి కొత్త సూచనలు పంపవలెనని, రియాక్టరును నిర్మించిన సంస్థలోని ఇంజనీరు బర్ట్ డన్ 1978 ఫిబ్రవరిలో మెమో వ్రాసెను. ఆగస్టులో వేరొక శాఖ వ్రాసిన మెమో సాంకేతిక సందేహములతో మొదలయ్యెను. ఇంధనము నీటినుండి బయటపడవచ్చునను హెచ్చరిక తుదకు జారిపోయెను. సూచనలు నడుపువారికి చేరలేదు. 1979 మార్చి 28న, అదే సంస్థ రియాక్టరు గల త్రీ మైల్ ఐలండు కేంద్రమున నడుపువారు అట్లే నీటిని తగ్గించిరి. ఇంధనగర్భము దాదాపు సగము కరగిపోయెను.

కావున నా మనవి యిది. అధికారికి వ్రాయునపుడు అపాయమును, కోరు ఉత్తరువును, గడువును మొదటనే తెలుపుడు. లెక్కలను అనుబంధమున నుంచుడు. పనివానికి వ్రాయునపుడు ఏ గుర్తు కనబడువరకు ఏమి చేయరాదో ముందు చెప్పి, కారణము పిమ్మట చెప్పుడు. దస్త్రమునకై వ్రాయునపుడు తేదీని, జరిగినదానిని, చేసినవారిని విడువకుడు. మూడింటికి ఒకే నకలు చాలదు.

కాగితము పంపుటతో పని తీరదు. చదివినవారు ఏమి చేసిరో విచారించి తెలిసికొనువరకు ఆ భారము వ్రాసినవారిదే.