350 కోట్ల ఏళ్ల కిందటి భూమిని ఫోటో తీయొచ్చా?

ఇవాళ ఒక ప్రశ్నతో మొదలుపెడదాం. కెమెరా పుట్టి మహా అయితే రెండొందల ఏళ్లు. మరి భూమ్మీద ప్రాణం మొదలైన రోజుల్ని ఫోటో తీయాలంటే ఎలా?

ఫ్రాన్స్ లాంటింగ్ అనే ఫోటోగ్రాఫర్ సరిగ్గా ఈ పనే పెట్టుకున్నారు. ఏళ్ల తరబడి తిరిగి, 2006లో ‘లైఫ్: ఎ జర్నీ త్రూ టైమ్’ అనే పుస్తకం తెచ్చారు. ఆయన పట్టుకున్న కిటుకు ఏంటంటే, ఆ కాలం మనకి దొరకదు, కానీ ఆ కాలంలాగే ఇంకా బతుకుతున్న చోట్లు దొరుకుతాయి.

అలాంటి చోటే పశ్చిమ ఆస్ట్రేలియాలోని షార్క్ బే. అక్కడ లోతులేని నీళ్లలో నల్లటి గుండ్రటి బండలుంటాయి. పేరు స్ట్రోమటోలైట్లు. అవి ఉత్త రాళ్లు కావు. సయనోబ్యాక్టీరియా అనే సూక్ష్మజీవులు జిగురు పొరలా పరుచుకుంటాయి. ఆ జిగురుకి ఇసుక, సున్నం అంటుకుంటాయి. వెలుతురు కోసం అవి మళ్లీ పైకి పాకుతాయి. అట్ల దొంతర చూశారు కదా, అలా పొర మీద పొర. ఏడాదికి ఒక్క మిల్లీమీటరు కూడా పెరగవు.

అదే ఆస్ట్రేలియాలో, పిల్బరా ప్రాంతంలో దొరికిన ఇలాంటి శిలాజాల వయసు సుమారు 348 కోట్ల ఏళ్లు! సయనోబ్యాక్టీరియా వదిలిన ఆక్సిజన్ వల్లే, దాదాపు 240 కోట్ల ఏళ్ల కిందట భూమి మీద గాలి మారింది. మన ఊపిరి కథ అక్కడ మొదలైంది.

ఇవి చూడ్డానికి ఆస్ట్రేలియా దాకా వెళ్లక్కర్లేదు. మన కడప జిల్లా వేంపల్లె పేరు పెట్టిన రాతి పొరల్లో దాదాపు 190 కోట్ల ఏళ్ల నాటి స్ట్రోమటోలైట్లు ఉన్నాయి. నేను మొదట మిట్టమధ్యాహ్నం ఫోన్‌తో తీశా. బండ తప్ప ఏమీ పడలేదు. సాయంత్రం ఎండ వాలి, వెలుగు పక్క నుంచి పడగానే, ఉల్లిపాయ కోసినట్టు పొరలు తేలాయి! కాసేపు ఫోటో తీయడం కూడా మర్చిపోయా.

మీరూ వెళ్తే పొద్దున్నే గానీ, సాయంత్రం గానీ తీయండి. సైజు తెలియడానికి పక్కన ఒక రూపాయి బిళ్ల పెట్టండి.

ఒక్క మాట. షార్క్ బేలో ఒకప్పుడు ఉన్ని మూటలు మోసిన బండ్ల చక్రాల గాట్లు, ఆ జిగురు పొరల మీద ఇప్పటికీ కనిపిస్తాయి. అంత నెమ్మదిగా మానుతుంది ఆ గాయం. మన దగ్గరి శిలాజాలైతే అసలు మానవు. అందుకే పేర్లు చెక్కొద్దు, ముక్క పగలగొట్టి తెచ్చుకోవద్దు. ఫోటో ఒక్కటి తెచ్చుకోండి, చాలు.