ఏ పనికి ఏ బ్యాటరీ? పాతది ఎక్కడికి?

సేత్తూరు (రాజపాళయం): గోడ గడియారం మొదలు రాత్రి తోటకెళ్లేటప్పుడు పట్టుకునే టార్చిలైటు దాకా బ్యాటరీ లేనిదే పని జరగదు. అయితే 'అన్నీ బ్యాటరీలే కదా' అనుకుంటేనే చిక్కు. ఒకదాని చోట ఇంకోటి పెడితే డబ్బు దండగ. పాతదాన్ని పెరట్లో పడేస్తే పిల్లలకు చేటు. పడమటి కనుమల కిందున్న సేత్తూరు, రాజపాళయం ప్రాంత తెలుగువారి కోసం ఈ వివరాలు.

కారుకు ఒకటి.. ఇన్వర్టర్‌కు మరొకటి

రెండింటిలోనూ ఉండేది సీసం పలకలు, ఆసిడే. ఫ్రాన్సుకు చెందిన గాస్టన్ ప్లాంటే 1859లో కనిపెట్టిన పద్ధతి ఇది. ఒక్కో గది సుమారు 2 వోల్టులు ఇస్తుంది. ఆరు గదులు కలిస్తే 12 వోల్టులు. కారు బ్యాటరీలో పలకలు పల్చన. ఇంజను స్టార్టయ్యేందుకు కొద్ది సెకన్లు గట్టిగా కరెంటు ఇవ్వడమే దాని పని. ఇన్వర్టర్ బ్యాటరీ పలకలు మందం. గంటల తరబడి నిదానంగా ఇస్తుంది. కారుదాన్ని తెచ్చి ఇన్వర్టర్‌కు తగిలిస్తే కొన్నాళ్లకే చతికిలబడుతుంది. నీళ్లు పోసే రకమైతే డిస్టిల్డ్ వాటరే పోయాలి. కుళాయి నీళ్లు పనికిరావు.

ఈ బ్యాటరీల తయారీలో పేరున్న అమరరాజా సంస్థను గల్లా రామచంద్రనాయుడు 1985లో తిరుపతి దగ్గరి కరకంబాడిలో ప్రారంభించారు. అదే సంస్థ 2023లో తెలంగాణలోని మహబూబ్‌నగర్ సమీపంలో లిథియం బ్యాటరీల ఫ్యాక్టరీకి శంకుస్థాపన చేసింది.

సెల్లులోనూ తేడాలున్నాయి

గడియారానికి, రిమోటుకు మామూలు 1.5 వోల్టుల సెల్లు చాలు. ఎక్కువ కరెంటు లాగే బొమ్మలకు ఆల్కలైన్ రకం మేలు. వీటిని ఛార్జింగ్ పెట్టకూడదు. వాడని టార్చిలో సెల్లు వదిలేస్తే కారి, లోపలంతా తుప్పు పడుతుంది.

సెల్‌ఫోన్లో, ఎలక్ట్రిక్ స్కూటర్లో ఉండేది లిథియం అయాన్ బ్యాటరీ. 1991లో మార్కెట్లోకొచ్చింది. దీన్ని రూపొందించిన ముగ్గురికి 2019లో నోబెల్ దక్కింది. ఉబ్బితే వెంటనే వాడకం ఆపాలి. గుచ్చితే మంటలు రేగవచ్చు.

అన్నిటికన్నా భయపడాల్సింది బిళ్లలాంటి బటన్ సెల్లుకే. పిల్లలు మింగితే రెండు గంటల్లోనే గొంతు లోపల కాలిపోయే ప్రమాదముంది. 'రేపు చూద్దాంలే' అనకుండా తక్షణం ఆసుపత్రికి పరుగెత్తాలి.

పగలగొట్టొద్దు.. పారేయొద్దు

కారు, ఇన్వర్టర్ బ్యాటరీలను పగలగొట్టి సీసం కరిగిస్తే ఆ పొగ, దుమ్ము పిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తాయి. సీసం ఇంతవరకు ఉంటే ఫర్వాలేదనే హద్దే లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అదే సీసాన్ని సరైన ఫ్యాక్టరీలో కరిగిస్తే మళ్లీ కొత్త బ్యాటరీకి పనికొస్తుంది. వాడేసిన బ్యాటరీని మిగతా చెత్తలో కలపకూడదని 2022 నాటి కేంద్ర నిబంధనలు చెబుతున్నాయి. వెనక్కి తీసుకుని రీసైక్లింగ్‌కు పంపే బాధ్యత తయారీదారులది.

కాబట్టి కొత్తది కొనేటప్పుడే 'పళయ బ్యాటరీకి ఎంత తగ్గిస్తారు?' అని అడగండి. పాతది అక్కడే అప్పగించండి. జేబుకూ లాభం, పిల్లలకూ క్షేమం.