దిక్కులే దుస్తులైతే...

విప్పితేనే లోపలికి రానిస్తామంటారు కొందరు. ఇష్టమైతే విప్పండి, లేదంటే మీ ఇష్టం అంటారు ఇంకొందరు. పాశ్చాత్య దేశాల న్యూడిస్టు రిసార్టుల్లో నడిచే ఈ వాదన మనకు కొత్తేమీ కాదు. వెయ్యేళ్ల కిందటే తెలుగునేల మీద ఇది సాగింది. కాకపోతే అప్పుడు పందెం కాసింది సరదాని కాదు, మోక్షాన్ని!

గోచీ లేనివాళ్ల ఊళ్లో గోచీ పెట్టుకున్నవాడే వెర్రివాడని మనకో సామెత. నవ్వుకోవడానికి చెప్పుకునే ఈ మాట అక్షరాలా నిజమయ్యే చోట్లు ప్రపంచంలో ఉన్నాయి. దక్షిణ ఫ్రాన్స్ తీరంలో కాప్ దాగ్డ్ అనే చోట ఓ నగ్నగ్రామముంది. అక్కడ దుకాణాలున్నాయి, బ్యాంకుంది, హోటళ్లున్నాయి. రొట్టెలు కొనడానికి వరసలో నిలబడ్డ పెద్దాయన ఒంటిమీద నూలుపోగుండదు. భుజాన సంచీ, కాళ్లకు చెప్పులు... అంతే!

అంత దూరం ఎందుకు... రావికమతంలో అమ్మానాన్న, చోడవరంలో ఇంటర్, జర్మనీలో ఎమ్మెస్. ఇలాంటి పిల్లలు ఇప్పుడు పల్లెకొకరున్నారు. అక్కడి చలికి తట్టుకోలేక ఆవిరిస్నానానికి వెళ్తే గుమ్మంలోనే గుండె గుభేలుమంటుంది. జర్మనీ ఆవిరిగదుల్లో చాలావాటిలో ఆడామగా కలిసే కూర్చుంటారు. ఈతదుస్తులు కూడా నిషిద్ధం. చెమటపట్టిన సింథటిక్ బట్ట శుభ్రత కాదన్నది వాళ్ల లెక్క. కింద తువ్వాలు పరచుకోవాలి. ఒంటిమీద మాత్రం ఏమీ ఉండకూడదు. జపాన్ వేడినీటి కొలనుల్లోనూ అదే నియమం. కాకపోతే అక్కడ ఆడవాళ్లకూ మగవాళ్లకూ చాలావరకు వేర్వేరు కొలనులుంటాయి.

రెండు రకాల బోర్డులు

బట్టల్లేకుండా ఎండా గాలీ పీల్చుకుంటే ఆరోగ్యమనే ఉద్యమం జర్మనీలో మొదలైంది. 1903లో పాల్ జిమ్మర్‌మాన్ ఉత్తర జర్మనీలో ఇందుకోసమే ఓ ఉద్యానం తెరిచాడు. 1950లో ఫ్రాన్స్‌లోని మోంతాలివేలో పెద్ద విడిది వెలిసింది. మూడేళ్ల తర్వాత అంతర్జాతీయ సమాఖ్య పుట్టింది కూడా అక్కడే. విడుదులు పెరిగేకొద్దీ ఓ ప్రశ్న తలెత్తింది. లోపలికి వచ్చినవాళ్లంతా బట్టలు విప్పి తీరాలా?

తీరాలనేవాళ్ల వాదన తేలిగ్గా తీసిపారేసేది కాదు. పదిమంది నగ్నంగా ఉన్నచోట ఒక్కడు ప్యాంటూచొక్కా వేసుకుంటే వాడు మనిషి కాదు, ప్రేక్షకుడవుతాడు. మిగతా పదిమందీ ప్రదర్శన అవుతారు. అందరూ ఒకేలా ఉంటేనే ఎవరూ ఎవరినీ వింతగా చూడరు. పైగా దుస్తులతో పాటే హోదా కూడా గుమ్మం బయటే ఉండిపోతుంది.

ఇష్టానికి వదిలేయాలనేవాళ్ల వాదనకూ బలముంది. భర్తకు సరదా, భార్యకు సిగ్గు. తల్లిదండ్రులకు అలవాటు, పద్నాలుగేళ్ల కూతురికి ససేమిరా ఇష్టం లేదు. మొదటిరోజు వచ్చినవాళ్లకు బెరుకు. వీళ్లందరినీ గుమ్మంలోంచే తిప్పి పంపేస్తారా? బలవంతాన విప్పించడానికీ బలవంతాన కప్పించడానికీ తేడా ఏముంది?

చాలా రిసార్టులు మధ్యలో ఎక్కడో రాజీపడ్డాయి. ఈతకొలనులో మాత్రం నగ్నత్వం తప్పనిసరి, మిగతా ఆవరణలో ఎవరిష్టం వాళ్లది. మయామీలోని హాలోవర్ బీచ్‌లో 1991 నుంచీ ఇష్టమున్నవాళ్లు బట్టల్లేకుండా తిరగొచ్చు. అక్కడి బోర్డు ఎవరినీ విప్పమనదు. ఇది దాటి వెళ్తే బట్టల్లేనివాళ్లు కనిపించొచ్చు సుమా అని హెచ్చరిస్తుందంతే.

అసలు విచిత్రం ఏంటంటే, చరిత్రలో నమోదైన తొలి న్యూడిస్టు క్లబ్బు పుట్టింది యూరప్‌లో కాదు, మనదేశంలో! 1891లో బొంబాయి దగ్గరి ఠాణేలో జిల్లా జడ్జీగా ఉన్న చార్లెస్ క్రాఫోర్డ్ అనే ఆంగ్లేయుడు దాన్ని పెట్టాడు. ఇంగ్లండులోని రచయిత ఎడ్వర్డ్ కార్పెంటర్‌కు ఆయన రాసిన ఉత్తరాల వల్లే ఈ సంగతి బయటపడింది. మొత్తం సభ్యులు ముగ్గురు. నియమం మాత్రం కచ్చితం. బట్టలన్నీ విప్పేయాల్సిందే. ఉంగరాలకు, కళ్లజోడుకు, కట్టుడుపళ్లకు మాత్రం మినహాయింపు ఇచ్చారు. జడ్జీగారి బుద్ధి కదా, మినహాయింపులు రాయకుండా ఉండలేకపోయినట్టుంది. ఆయనకు రత్నగిరి బదిలీ కావడంతో క్లబ్బు కూడా మూతపడింది.

కొండకో నియమం

రావికమతం నుంచి అనకాపల్లి వైపు వెళ్తే శంకరం దగ్గర బొజ్జన్నకొండ కనిపిస్తుంది. రాతిలో తొలిచిన స్తూపాలు, గుహలు, బుద్ధుడి శిల్పాలు. కనుమనాడు జనం తీర్థంలా తరలివచ్చే చోటు. ఇక్కడ ఒకప్పుడు తిరిగిన భిక్షువులకు దుస్తులు తప్పనిసరి. బుద్ధుడు తన శిష్యులకు నగ్నత్వాన్ని నిషేధించాడు. దీనివెనక వినయపిటకంలో ఓ ముచ్చటైన కథ ఉంది. శ్రావస్తిలో విశాఖ అనే సంపన్నురాలు భిక్షువులను భోజనానికి పిలవమని దాసిని పంపింది. అప్పుడే కుండపోత వాన. భిక్షువులు ఉన్న ఒక్క జత తడవకుండా విప్పి పక్కన పెట్టి వానలో స్నానం చేస్తున్నారు. దాసి చూసి, అక్కడ భిక్షువులెవరూ లేరమ్మా, ఎవరో నగ్న సన్యాసులున్నారని తిరిగొచ్చి చెప్పింది. విశాఖ విషయం గ్రహించి, భిక్షువులకు వానబట్టలూ భిక్షుణులకు స్నానపు బట్టలూ జీవితాంతం ఇచ్చే వరం బుద్ధుణ్ని అడిగి తీసుకుంది. ఏటి రేవులో బట్టల్లేకుండా స్నానం చేసే భిక్షుణులను అక్కడి వేశ్యలు ఎగతాళి చేస్తున్నారన్నది ఆమె బాధ. (మన విశాఖపట్నానికి ఈమె పేరే వచ్చిందనేవాళ్లు కొందరున్నారు కానీ, వైశాఖేశ్వరుడి పేరనేవాళ్లే ఎక్కువ.)

ఇంకాస్త ఉత్తరానికి, విజయనగరం దాటి రామతీర్థం వెళ్తే నియమం తలకిందులవుతుంది. అక్కడి కొండల్లో బౌద్ధుల ఆనవాళ్లతో పాటు తీర్థంకరుల శిల్పాలున్నాయి. ఒంటిమీద దిక్కులు తప్ప మరే ఆచ్ఛాదనా లేని శిల్పాలు. దిగంబరుడంటే దిక్కులే అంబరంగా గలవాడని కదా అర్థం. గుహలోని ఓ కన్నడ శాసనం, దేశిగణానికి చెందిన త్రికాలయోగి సిద్ధాంతదేవ ముని రామకొండను దర్శించుకున్నాడని చెబుతోంది. ఆ ముని వేంగీ చాళుక్యరాజు విమలాదిత్యుడికి గురువు. విమలాదిత్యుడంటే ఎవరో కాదు, నన్నయ చేత మహాభారతం రాయించిన రాజరాజనరేంద్రుడి తండ్రి. ఆయన 1011 నుంచి 1018 వరకు పాలించాడు. అంటే మన ఆదికవి ప్రభువుగారి ఇంట్లోనే ఓ తరం ముందు దిగంబర ముని గురుపీఠం మీద ఉన్నాడన్నమాట.

గుడ్డముక్క చుట్టూ గొడవ

జైనంలో ఈ చీలిక చాలా పాతది. మగధలో పన్నెండేళ్ల కరవు వచ్చిందనీ, భద్రబాహువు వెంట కొందరు దక్షిణాదికి వెళ్లిపోతే అక్కడే ఉండిపోయినవాళ్లు గుడ్డ కట్టడం మొదలెట్టారనీ దిగంబరులు చెబుతారు. శ్వేతాంబరుల కథ వేరు. మహావీరుడు కూడా సన్యసించాక పదమూడు నెలలు ఒక వస్త్రం ఉంచుకున్నాడంటారు వాళ్లు. అంతకుముందు పార్శ్వనాథుడి శిష్యులు బట్టలు కట్టేవాళ్లే. ఆ సంప్రదాయానికి చెందిన కేశి, మహావీరుడి శిష్యుడు గౌతముణ్ని ఇదే అడిగినట్టు ఉత్తరాధ్యయన సూత్రంలో ఉంది. గమ్యం ఒకటే అయినప్పుడు ఈ రెండు వేషాలేంటని. వేషం జనం గుర్తుపట్టడానికే, మోక్షానికి సాధనాలు జ్ఞానం, శ్రద్ధ, నడవడిక అన్నాడట గౌతముడు. అక్కడితో తెగిపోవాల్సిన గొడవ తెగలేదు.

తెగకపోవడానికి కారణమైన గట్టి గొంతు కూడా మన ప్రాంతానిదే. దిగంబరులు మహావీరుడి తర్వాత అంతగా కొలిచే ఆచార్యుడు కుందకుందుడు. ఆయన ఊరు అనంతపురం జిల్లా గుంతకల్లు దగ్గరి కొనకొండ్ల అని చరిత్రకారుడు పి.బి. దేశాయి నిరూపించే ప్రయత్నం చేశారు. వస్త్రం ధరించినవాడు తీర్థంకరుడైనా సరే మోక్షం పొందలేడని కుందకుందుడి పేరిట ఉన్న సుత్తపాహుడం తేల్చిచెబుతుంది. నగ్నత్వం తప్పనిసరి! మినహాయింపు లేదు.

మరి ఆడవాళ్ల మాటేమిటి? సమాజం ఒప్పుకోదు, ధర్మం కూడా ఒప్పుకోలేదు కాబట్టి సన్యాసిని చీర కట్టాల్సిందే. చీర కడితే మోక్షం లేదు. కాబట్టి ఆడదానికి ఈ జన్మలో మోక్షం లేదు. మగవాడిగా మళ్లీ పుట్టాల్సిందే. ఒక నియమం గట్టిగా బిగిస్తే ఎవరి మెడకు చుట్టుకుంటుందో చూడండి!

పందొమ్మిదో తీర్థంకరుడైన మల్లినాథుడి విషయంలోనూ ఇదే పేచీ. ఆమె స్త్రీ అంటారు శ్వేతాంబరులు. కాదు, పురుషుడే అంటారు దిగంబరులు.

మధ్యలో నిలబడ్డవాళ్లు

సరిగ్గా ఇక్కడే యాపనీయులు వస్తారు. ఇవాళ చాలామందికి పేరు కూడా తెలియని ఈ జైన శాఖ 5వ శతాబ్దానికే కదంబరాజుల శాసనాల్లో కనిపిస్తుంది. వీళ్ల మునులు దిగంబరుల్లాగే నగ్నంగా ఉండేవారు, చేతిలో నెమలిపింఛం పట్టేవారు. కానీ అదొక్కటే దారి అనలేదు. గుడ్డ కట్టినా మోక్షముందన్నారు. స్త్రీకీ ఉందన్నారు. భగవతీ ఆరాధన అనే గ్రంథానికి ఈ శాఖ పండితుడు అపరాజితుడు రాసిన వ్యాఖ్యలో మినహాయింపులు కూడా కనిపిస్తాయి. సిగ్గు వదల్లేనివాళ్లు, శరీరంలో లోపమున్నవాళ్లు, చలీ ఎండా ఓర్చుకోలేనివాళ్లు వస్త్రం కట్టుకోవచ్చు. ఫ్రాన్స్ రిసార్టు మేనేజరు ఇవాళ చెప్పే కారణాలకూ వీటికీ ఎంత దగ్గర!

వీళ్లలో ఘనుడు శాకటాయనుడు. పాల్యకీర్తి అనే మరో పేరు కూడా ఉంది. 9వ శతాబ్దంలో రాష్ట్రకూట అమోఘవర్షుడి కాలంలో వ్యాకరణం రాసిన పండితుడు. ఆయన స్త్రీముక్తి మీద ఏకంగా ఓ గ్రంథమే రాశాడు. అందులోని తర్కం ఇప్పుడు విన్నా పదునుగానే ఉంటుంది. ముని చేతిలో నెమలిపింఛం ఉంటుంది కదా, అది పరిగ్రహం కాదా? కాదు, పురుగులను తొక్కకుండా తుడుచుకోవడానికి సాధనం అంటారు. మరైతే సన్యాసిని చీర కూడా శీలరక్షణకు సాధనమే. ఆ పింఛం మోక్షానికి అడ్డు రానప్పుడు ఈ గుడ్డ ఎందుకు అడ్డొస్తుంది? భగందరం వంటి రోగమొచ్చిన ముని గుడ్డ కట్టుకుంటే సన్యాసం పోతుందా? పట్టుకున్నది చేయి కాదు, మనసు. మనసులో మమకారం లేకపోతే ఒంటిమీద గుడ్డ ఆస్తి ఎలా అవుతుందన్నది ఆయన ప్రశ్న.

ఈ శాఖ తెలుగునాట గాలికి వచ్చి గాలికి పోలేదు. వేంగీ చాళుక్యరాజు రెండో అమ్మరాజు (945-970) వేయించిన మలియపూండి తామ్రశాసనం ఇందుకు సాక్ష్యం. కమ్మనాడులో ధర్మపురి దగ్గర దుర్గరాజు కట్టించిన కటకాభరణ జినాలయానికి రాజు ఆ గ్రామాన్ని దానమిచ్చాడు. ఆలయాన్ని చూసుకున్నది యాపనీయ సంఘం, నందిగచ్ఛకు చెందిన ముని.

అదే రాజు మరో శాసనం కలుచుంబర్రు దానానిది. అత్తిలినాడులోని ఆ ఊరిని సర్వలోకాశ్రయ జినాలయం భోజనశాల బాగుకోసం ఇచ్చారు. ఇప్పించింది చామెకాంబ అనే గణిక. అర్హనంది అనే జైన గురువుకు ఆమె శిష్యురాలు. ఈ గురువు శాఖ వేరు. అయినా అక్కడ ఆగి ఆలోచించాల్సిన విషయముంది. శాస్త్రం ఆడవాళ్లకు మోక్షం ఉందా లేదా అని వాదించుకుంటున్న రోజుల్లో, పదిమందికి అన్నంపెట్టే శాల కోసం రాజు దగ్గర ఊరు సంపాదించింది ఓ ఆడది. అంతకు చాలా ముందే, వేంగీ రాజ్యం తొలిరోజుల్లో కుబ్జవిష్ణువర్ధనుడి రాణి అయ్యణ మహాదేవి బెజవాడలోని నడుంబి వసదికి ముసినికొండ గ్రామాన్ని ఇచ్చింది.

ఇప్పుడు ఎలా ఉంది?

దిగంబర సంప్రదాయం ఇవాళ్టికీ ఉంది. కాకపోతే ఎవరూ ఒక్కరోజులో బట్టలు వదిలేయరు. మొదట క్షుల్లకుడు, రెండు వస్త్రాలు. తర్వాత ఐలకుడు, ఒక్క గోచీ. ఆపైనే ముని. ఆర్యికలకు తెల్లచీర. 2016 ఆగస్టులో తరుణ్‌సాగర్ ముని హర్యానా శాసనసభలో నగ్నంగానే ప్రసంగిస్తే దేశమంతా చర్చ జరిగింది. గోదావరి పుష్కరాలకు వచ్చే నాగసాధువులదీ దాదాపు ఇలాంటి తీరే. స్నానఘట్టంలో బూడిద తప్ప ఏమీ ఉండదు. రైలెక్కేటప్పుడు చాలామంది కాషాయం చుట్టుకుంటారు.

మామూలు మనిషి సరదాకి ఇదే పనిచేస్తే చట్టం ఊరుకోదు. బహిరంగ ప్రదేశంలో ఇతరులకు ఇబ్బంది కలిగేలా అసభ్యంగా ప్రవర్తిస్తే భారతీయ న్యాయ సంహితలోని 296వ సెక్షన్ కింద మూడు నెలల దాకా జైలు పడొచ్చు. పాత శిక్షాస్మృతిలో ఇది 294. గోవాలో విదేశీయుల ముచ్చట్లు ఎన్ని వినిపించినా, చట్టం ఒప్పుకున్న నగ్నతీరమంటూ మనదేశంలో ఒక్కటీ లేదు. మనవాళ్లు ఈ మాట వాడుకున్న మరో సందర్భం ఉంది. 1965లో దిగంబర కవులమంటూ ఆరుగురు ముందుకొచ్చారు. మూడో సంపుటిని 1968లో విశాఖపట్నంలోనే విడుదల చేశారు. వాళ్లు విప్పింది బట్టలు కాదు, ఇంటిపేర్లూ పాత పేర్లూ.

మరి రెండిటికీ చోటుందన్న యాపనీయులు ఏమయ్యారు? బెళగావి జిల్లా కాగవాడలో 1394 నాటి శాసనం వాళ్ల చివరి జాడ. ఆ తర్వాత సంఘం కనుమరుగైంది. వాళ్లు ప్రతిష్ఠించిన తీర్థంకరుల విగ్రహాలు మాత్రం మిగిలాయి. నగ్న విగ్రహాలే కాబట్టి తేడా తెలియక, బెళగావి ప్రాంతంలో వాటికి నేటికీ పూజలు చేస్తున్నది దిగంబరులు.