ద్రాక్షతోటల దేశమున విద్యార్థి

ద్రాక్షసారాయి చేయు విద్య నేర్చుటకై దక్షిణ ఫ్రాన్సునందలి మోంపెల్యే పట్టణమున కేగు విద్యార్థిని మొదట తికమకపెట్టునది శాస్త్రము గాదు, మర్యాద. అంగడిలో అడుగిడి "బోన్‌జూర్" అనక రొట్టె యడుగుట అచ్చట మోటుతనము. మధ్యాహ్నము చిన్న యంగళ్లు పెక్కు మూతపడును. సారాయిని భోజనముతో, మనము మజ్జిగ పుచ్చుకొనునట్లు, కొద్దిగా పుచ్చుకొందురు. (త్రాగుడని మేము చెప్పుటలేదు సుమీ!)

మన సభ్యులు వినదగినది వేఱొకటి. అమెరికానుండి వచ్చిన ఫిలాక్సిరా యను వేరుపురుగు వారి తోటల నెండగొట్టెను. 1868లో ప్లాంషోన్ పండితుడు మున్నగువారు దానిని కనిపెట్టిరి. అమెరికా తీగ వేరుపై తమ తీగ నంటుగట్టి రైతులు నిలద్రొక్కుకొనిరి. తోట బ్రదికెను గాని ధర చచ్చెను. పంట మితిమీరెను, చక్కెరనీళ్లతో చేసిన దొంగసరకు సంతలో నిండెను. 1907 జూన్ 9న మోంపెల్యేలో లక్షలకొలది జనులు గుమిగూడిరి. ఆ నెలలోనే కల్తీ నడ్డు చట్టము వచ్చెను.

మారోసాన్ గ్రామ రైతులు అంతవరకు కాచుకొని యుండలేదు. 1901లోనే సంఘముగా జేరి, దళారిని విడిచి, పారిసు నగరపు వినియోగదారుల సంఘములకు నేరుగా అమ్మసాగిరి. ఇట్టి సంఘముల కొట్లలో రైతు తెచ్చిన పండ్లను తూచి, తీపు కొలిచి, ఆ లెక్కను పైకము కట్టుదురు. మనము వడ్లమ్మునపుడు తేమకు తరుగు కోయువాడు తఱచుగా కొనువాడే. అచ్చట కొలుచువాడు రైతుల నౌకరు.