మానడానికి ఆలస్యం లేదు

"క్యాన్సర్ రానే వచ్చింది. ఇక చుట్ట మానితే ఏమి, మానకపోతే ఏమి?" అని కొందరు రోగులు నిట్టూరుస్తారు. ఇది పొరపాటు.

శ్రీకాకుళం, విశాఖపట్నం ప్రాంతాలలోను, పక్కనున్న ఒడిశా గ్రామాలలోను 'అడ్డపొగ' అలవాటు ఉంది. చుట్టను నిప్పున్న కొస నోటిలో ఉంచి కాల్చడమే అడ్డపొగ. ఇది స్త్రీలలో ఎక్కువ. దీనివల్ల అంగిలి దెబ్బతిని, కొందరికి క్యాన్సర్ వస్తుంది.

రోగం బయటపడ్డాక మానినా మేలే. పొగలోని కార్బన్ మోనాక్సైడ్ రక్తంలో ప్రాణవాయువు స్థానాన్ని ఆక్రమిస్తుంది. ప్రాణవాయువు చాలకపోతే రేడియేషన్ చికిత్స సరిగా పనిచేయదు. ఆపరేషన్ గాయం త్వరగా మానదు. పొగ మానిన ఒకటి రెండు రోజులలోనే ఆ విషవాయువు రక్తం నుండి తొలగిపోతుంది.

అయితే మానడం తేలిక కాదు. నికోటిన్‌కు అలవాటుపడిన శరీరం దానికోసం తహతహలాడుతుంది. చిరాకు, నిద్రలేమి మొదటి వారంలో ఎక్కువగా ఉండి, కొన్ని వారాలలో తగ్గుతాయి. వైద్యులు అవసరాన్ని బట్టి నికోటిన్ గమ్ ఇస్తారు. నోరు పుండై నమలలేనివారికి చర్మంపై అంటించే పట్టీ ఉంది. 1800-11-2356 నంబరుకు ఉచితంగా ఫోను చేసి సలహా పొందవచ్చు.

ఇంటివారు దెప్పిపొడిస్తే రోగి చాటుగా కాలుస్తాడు. చుట్టలు, అగ్గిపెట్టెలు కంటబడకుండా తీసివేయాలి. ఇంట్లో మరెవరూ పొగ తాగరాదు. రోగి ఒకనాడు తప్పినా, మళ్ళీ మొదలుపెట్టమని ధైర్యం చెప్పాలి.

పొగ తాగాలనే కోరిక కొద్ది నిమిషాలే బలంగా ఉంటుంది. నాయనమ్మ చుట్ట తెమ్మన్నప్పుడు, తేకుండా పక్కన కూర్చొని ఆ నిమిషాలు కబుర్లతో గడిపించే మనుమరాలు కూడా ఆమె చికిత్సలో భాగస్వామియే.